తారాశశాంకం తరువాయి కథ

కోయంబత్తూరు, మధుర ప్రాంతాల పాత తెలుగు కుటుంబాలలో కాలేజీ ఈడు ఆడపిల్లలు ఇష్టపడి చదువుతున్న పుస్తకాలలో ఒక జాతి ఇంగ్లీషు నవలలు తరచుగా కనిపిస్తున్నాయి. వాటిలో 'ఫేరీ'లనే వారి లోకం ఒకటి ఉంటుంది. మానవకన్య ఒకతె ఆ లోకపు ఎల్ల దాటుతుంది. కూడదన్న చోట మనసు పెట్టుకొంటుంది. మొదటి సంపుటంతో కథ ముగియదు. తరువాయి సంపుటం వస్తుంది, అసలు చిక్కంతా అందులోనే ఉంటుంది. ఇవి మన ఇళ్ళలో ఉండవలసిన కథలు కావని పెద్దలు విసుక్కోవటం సహజం. ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకొన్న విషయం ఇంతే: ఈ కథ మన ఇళ్ళలోదే. దాని మొదటి సంపుటాన్ని మధుర నాయకరాజుల కాలంలో ఒక తెలుగు కవి ప్రబంధంగా రాశాడు. తరువాయి సంపుటం మీద ఆయన చేయి పెట్టలేదు. అది మాత్రం పురాణంలో, అదే అధ్యాయంలో, చెక్కుచెదరకుండా ఉంది.

ముందు ఇంగ్లీషు నవల సంగతి చూద్దాం, చదవనివారికి పోలిక అందటం కోసం. అమెరికా రచయిత్రి సారా జె. మాస్ 2015లో 'ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్' అనే నవల ప్రచురించింది. ఫేరా అనే పేదింటి పిల్ల అడవిలో వేటాడి తోబుట్టువులను పోషిస్తుంటుంది. ఒకనాడు ఆమె చంపిన తోడేలు నిజానికి వేషం మార్చుకొన్న అవతలి లోకపువాడు. పరిహారంగా ఆమె మానవలోకానికీ ఆ లోకానికీ నడుమ ఉన్న గోడ దాటి, టామ్లిన్ అనే ప్రభువు ఇంట ఉండవలసి వస్తుంది, అతణ్ణే ప్రేమిస్తుంది, అతని కోసం చచ్చి, ఆ జాతిలోనే మళ్ళీ ప్రాణం పోసుకొంటుంది. ఇక్కడితో ఆపితే అది మామూలు కథ. 2016లో వచ్చిన తరువాయి సంపుటం 'ఎ కోర్ట్ ఆఫ్ మిస్ట్ అండ్ ఫ్యూరీ' వేరే దారి పట్టింది. రక్షణ పేరుతో టామ్లిన్ ఆమెను ఇంటిలో బంధిస్తాడు. ఆమె అతణ్ణి విడిచి, రాత్రి కొలువుకు అధిపతి అయిన రిసాండ్ దగ్గరకు వెళుతుంది. రిసాండ్‌తో ఆమెకు మొదటి సంపుటంలోనే ఒక ఒడంబడిక ఉంది: నెలకు ఒక వారం అతని లోకంలో ఉండాలి. ఈ 'నెలకు ఒక వారం' అన్న మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి. దానితో మనకు తరువాత పని ఉంది.

టామ్లిన్ అన్న పేరు రచయిత్రి పుట్టించింది కాదు. స్కాట్లాండు జానపద గేయాలలో 'టామ్ లిన్' చాలా ప్రసిద్ధమైనది. ఫేరీల రాణి పట్టుకుపోయిన యువకుణ్ణి, అతని వల్ల గర్భవతి అయిన జానెట్ అనే పిల్ల, అతడు పాముగా, మృగంగా, కాలిన ఇనుముగా మారుతున్నా చేతులు వదలకుండా పట్టుకొని గెలుచుకొంటుంది. గేయంలో ఎంత కష్టానికైనా వదలకూడనివాడు నవల తరువాయిలో వదలదగినవాడయ్యాడు. పాత కథ తెలిసినవారికి ఇందులోని తెగువ బాగా అందుతుంది. మన ప్రబంధకవులు చేసిందీ ఇలాంటి పనే: అందరికీ తెలిసిన కథ పేరు నిలిపి, లోపలి తూకం మార్చటం.

'ఫేరీ' అనే మాటకు తెలుగు ఏమిటి? విద్యార్థులు అడిగే మొదటి ప్రశ్న ఇది. ఒక్క మాటలో జవాబు లేదు. ఆ ఇంగ్లీషు మాట విధిని తెలిపే లాటిన్ పదం నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. మొదట్లో అది మనుషులను చెప్పే మాట కాదు. మాయను, మాయాలోకాన్ని చెప్పేది. తరువాతనే ఆ లోకపు జనానికి పేరయింది. మన భాషలో లోకానికి ఒక పేరు పెట్టి అందరినీ అందులో పోసే అలవాటు లేదు. అప్సరసలు వేరు, గంధర్వులు వేరు. యక్షులు, కిన్నరులు, విద్యాధరులు ఎవరి పని వారిది. వీటిలో తెలుగు నోటికి బాగా అలవడినవి రెండు. 'అప్సరస' ప్రాకృతంలో 'అచ్ఛరా' అయి, తెలుగులో 'అచ్చర' అయింది. 'యక్ష' ప్రాకృతంలో 'జక్ఖ' అయి, 'జక్కిణి'గా, 'జక్కులు'గా మన దగ్గర స్థిరపడింది. అచ్చర కావ్యాలలో మిగిలింది. జక్క మాత్రం దక్షిణాదికి బండి కట్టుకొని వచ్చింది. మధుర, దిండుగల్లు, ఉడుమలపేట ప్రాంతాల రాజకంబళపు నాయకుల ఇలవేల్పు జక్కమ్మ. ఆ పేరులోనిది ఈ 'జక్క'యే అని మా అభిప్రాయం. దేవరాట్టం ఆడేటప్పుడు ఉరుమి మోతకు మొక్కే జక్కమ్మకూ, ఇంగ్లీషు నవలలో రాత్రి కొలువుకూ దగ్గర చుట్టరికం ఉందని చెప్పం. ఊరి ఎల్ల దాటితే మనకంటె బలమైన స్త్రీమూర్తి ఒకతె ఉంటుందనీ, ఆమెతో మాట తప్పకూడదనీ తెలిసిన ఇళ్ళు అవి అని మాత్రం చెప్పగలం. చెరువుగట్టున, బావి ఒడ్డున వరసగా నిలిపిన ఏడు రాళ్ళకు కోయంబత్తూరు సీమలో కన్నిమార్లని పేరు. చిత్తూరు వైపు అక్కదేవతలంటారు. బాలింత తలగడ కింద ఇనుప కత్తి పెట్టే అలవాటు మన ఇళ్ళలోనూ ఉంది, ఇనుమంటే ఫేరీలకు భయమనే నమ్మకం బ్రిటన్ పల్లెలలోనూ ఉంది.

ఇక మధుర. నాయకరాజుల పాలన 16వ శతాబ్దిలో విశ్వనాథ నాయకునితో మొదలై 1736లో మీనాక్షితో ముగిసింది. మేము చెప్పబోయే కవులు ఆ పాలన చివరి ఘట్టానికి చెందినవారు. విజయరంగ చొక్కనాథుడు 1706 నుంచి 1732 వరకు పాలించాడు. మధుర రాజ్యమని పిలిచినా రాజధాని అప్పటికి తిరుచిరాపల్లి. రాజు స్వయంగా శ్రీరంగమాహాత్మ్యం, మాఘమాహాత్మ్యం వంటి వచనకృతులు రాశాడు. ఆయన దగ్గర సేనానిగా ఉన్న సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు జైమినిభారతాన్నీ సారంగధరచరిత్రనూ వచనంలో రాశాడు. తెలుగు వచనం ఒక ప్రక్రియగా కాలూనింది ఆంధ్రదేశంలో కాదు, కావేరికి, వైగైకి దగ్గరలో. ఈ సంగతిని మన పాఠ్యపుస్తకాలు ఒక వాక్యంలో దాటవేస్తాయి. అది అన్యాయమని మేము చాలాకాలంగా చెబుతూనే ఉన్నాం.

అదే సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు పద్యంలో అహల్యాసంక్రందనం రాశాడు. సంక్రందనుడంటే ఇంద్రుడు. రామాయణంలో అహల్య కథ కొన్ని శ్లోకాల పని. ఈ కవి చేతిలో అహల్య పెళ్ళికి ముందే ఇంద్రునిపై మనసు పెట్టుకొంటుంది. బ్రహ్మ ఆమెను గౌతమునికి ఇస్తాడు. దూతిక రాయబారాలు నడుస్తాయి. నేరమూ శాపమూ కాక, ఆమెకు ఇష్టమైనదెవరు అన్న ప్రశ్న కథకు నడుమ వచ్చి నిలిచింది.

శేషము వేంకటపతి కూడా ఆ కాలపు మధుర కవే. ఆయన ప్రబంధం పేరు శశాంకవిజయం. తారాశశాంకవిజయమని లోకంలో ప్రసిద్ధి. కథ తెలిసినదే. దేవతల గురువైన బృహస్పతి ఇంట చంద్రుడు శిష్యుడు. గురువు భార్య తార. గురుపత్నీగమనం ధర్మశాస్త్రాలు చెప్పిన పంచమహాపాతకాలలో ఒకటి. అంతకంటె కట్టుదిట్టమైన నిషేధం మన సాహిత్యంలో వెదికినా దొరకదు. కవి దాన్నే ఎంచుకొన్నాడు. ఎంచుకోవటమే కాక, కోరికను ముందు బయటపెట్టే పనిని తారకు అప్పగించాడు. పురాణాలలో చంద్రుడు ఆమెను అపహరించాడని ఒక మాట. ప్రబంధంలో ఆమెకు మనసూ, మాటా, వాదమూ వచ్చాయి. ఆమెను చెడ్డదానిగా చూపి తాను తప్పుకొందామన్న తొందర కవిలో కనపడదు.

కావ్యగుణం విషయంలో మొహమాటం అక్కర లేదు. వర్ణనలు వలసినదానికంటె సాగుతాయి. శృంగారఘట్టాలలో ఒకే ముచ్చట నాలుగు పద్యాలలో నాలుగు విధాలుగా వస్తుంది. ప్రబంధ లక్షణం కోసం పెట్టిన భాగాలను దాటవేసి చదివినా పెద్దగా పోయేదేమీ లేదు. కథను పట్టుకొన్న చోట్ల మాత్రం భాష చురుకుగా, దాదాపు మాట్లాడుతున్నట్టు నడుస్తుంది.

ఒక్క విషయం మాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగిస్తుంది. ఈ కథలో శశాంకునికి విజయమెక్కడిది? తార కోసం దేవతలకూ, చంద్రుని పక్షాన నిలిచిన దానవులకూ యుద్ధం జరుగుతుంది. బ్రహ్మ కలగజేసుకొని తారను తిరిగి బృహస్పతికి ఇప్పిస్తాడు. ఆమె అప్పటికి గర్భవతి. బిడ్డ పుడతాడు, వాణ్ణి చూసి ముచ్చటపడి గురువూ శిష్యుడూ ఇద్దరూ తమవాడే అంటారు. ఎవరి బిడ్డ అని అడిగితే తార సిగ్గుతో పలకదు. విష్ణుపురాణం ప్రకారం అప్పుడు బిడ్డే కోపగించి, తండ్రి ఎవరో చెప్పకపోతే శపిస్తానంటాడు. బ్రహ్మ వాణ్ణి ఆపి, నెమ్మదిగా తానే అడిగితే, సోముని బిడ్డ అని ఆమె చెబుతుంది. వాడే బుధుడు. చంద్రునికి దక్కింది ప్రేయసి కాదు, కొడుకు. ఆమె మాత్రం ఏ ఇంటి నుంచి వెళ్ళిందో ఆ ఇంటికే వచ్చింది. ఆ తరువాత తార ఏమయింది? ఆ ఇంట్లో ఎలా ఉంది? కొడుకును మళ్ళీ చూసిందా? ఈ ప్రశ్నలకు ప్రబంధంలో జవాబు లేదు. పురాణానికి ఆ చింత లేదు.

తరువాయి కథ కావాలని పాఠకులు అడిగేది ఇలాంటి చోటనే. నిషిద్ధ ప్రణయంలో మొదటి కథ ఎప్పుడూ కలుసుకోవటం గురించి. కలుసుకొన్న తరువాత ఆడపిల్ల గతి ఏమిటన్నది రెండవ కథ. మాస్ నవలలను పిల్లలు విడవకుండా చదవటానికి కారణం రెక్కలూ మాయలూ అని పెద్దలు అనుకొంటారు. తరువాయి సంపుటం ఆ రెండవ ప్రశ్నను ఎదుట పెట్టుకొంది, అందుకని చదువుతున్నారని మాకు తోస్తుంది.

మన పురాణం తార దగ్గర చెప్పని జవాబును ఆమె కొడుకు దగ్గర, మనుమని దగ్గర చెప్పింది. విష్ణుపురాణం నాలుగవ అంశంలో 6వ అధ్యాయం, భాగవతం నవమస్కంధంలో 14వ అధ్యాయం చూడండి. తార కథా, ఊర్వశి కథా అదే అధ్యాయంలో ఒకదాని వెంట ఒకటి ఉన్నాయి. పోతన భాగవతంలోనూ నవమస్కంధంలో ఈ వరస కనబడుతుంది. బుధుడు అడవిలో ఇలను చూశాడు. ఇల ఒకప్పుడు సుద్యుమ్నుడనే రాజు. వేటకు వెళ్ళి, శివుడు పార్వతితో విహరించే వనంలో అడుగుపెట్టాడు. ఆ వనంలో కాలుపెట్టిన మగవాడు ఆడదవుతాడు. వెంట ఉన్న పరివారమూ, చివరకు గుర్రమూ ఆడవయ్యాయి. ఇంగ్లీషు నవలలలోని గోడలకూ కొండలకూ ఈ వనం ఏ విధంగానూ తీసిపోదు. పైగా ఎల్ల దాటినవాని ఒంటినే మార్చివేసింది. ఇలకూ బుధునికీ పుట్టినవాడు పురూరవుడు. తరువాత శివుని వరం వల్ల సుద్యుమ్నుడు ఒక నెల మగవాడుగా, ఒక నెల ఆడదిగా ఉన్నాడు. లోకాల నడుమ రాజీ కుదిరినప్పుడల్లా ఇలా కాలాన్ని వంతులు వేయటం గమనించదగినది.

పురూరవునికి ఎదురైనది అచ్చర: ఊర్వశి. మిత్రావరుణుల శాపం వల్ల ఆమె భూమికి దిగింది. కలిసి ఉండటానికి ఆమె షరతులు పెట్టింది. తన రెండు పొట్టేళ్ళను అతడు కాపాడాలి. తనకు నెయ్యే ఆహారం. ఏకాంతంలో తప్ప అతడు దిగంబరంగా తన కంట పడకూడదు. స్వర్గంలో ఊర్వశి లేని లోటు ఇంద్రుడు ఓర్వలేకపోయాడు. గంధర్వులు అర్ధరాత్రి వచ్చి పొట్టేళ్ళను ఎత్తుకుపోయారు. ఆమె కేక విని అతడు కత్తి పుచ్చుకొని, బట్ట సంగతి మరచి పరుగెత్తాడు. వెలుగు మెరిసింది. ఆమె చూసింది, వెళ్ళిపోయింది. పిచ్చివానివలె తిరిగి తిరిగి అతడు కురుక్షేత్రం దగ్గర సరస్వతి ఒడ్డున ఆమెను మళ్ళీ చూశాడు. అప్పుడు ఆమె ఇచ్చిన మాట: ఏడాది చివర ఒక రాత్రి.

అక్కడ నెలకు ఒక వారం, ఇక్కడ ఏడాదికి ఒక రాత్రి. ఒకటి చూసి మరొకటి రాశారని మేము అనటం లేదు. అలా అనటం ఈ మధ్య ఒక వేడుక అయింది. ప్రపంచంలోని ప్రతి కథకూ మన ఊరే పుట్టిల్లు అనేవారికి భాషాశాస్త్రం తెలిసినవారు తోడు పోకూడదు. అవతలి లోకపు స్త్రీ, ఆమె పెట్టిన షరతు, దాని భంగం, వియోగం - ఈ వరస కలిగిన కథలు ఐరోపాలో మెలుసీన్ మొదలుకొని చాలా చోట్ల ఉన్నాయి. వాటిలో చాలా ప్రాచీనంగా లిఖితరూపం పొందిన వాటిలో ఊర్వశి కథ ఒకటి అని మాత్రం నిస్సంశయంగా అనవచ్చు. ఋగ్వేదం పదవ మండలంలో 95వ సూక్తం వారిద్దరి సంవాదమే. అందులో ఊర్వశి తిరిగి రానని చెబుతుంది. శతపథబ్రాహ్మణం ఆ సంవాదం చుట్టూ కథ అల్లింది. కాళిదాసు విక్రమోర్వశీయంలో వారిని కలిపి శుభం పలికించాడు. భాగవతం నడుమ దారి తీసింది. ఒకే వియోగానికి ఇన్ని ముగింపులు ఎందుకు కావలసి వచ్చాయో ఆలోచిస్తే, తరువాయి కథలకు అలవాటుపడిన నేటి పాఠకులను తక్కువగా చూడబుద్ధి కాదు.

మాకు ముఖ్యంగా తోచిన భేదం వేరొకటి ఉంది. తార కథలో దాటిన హద్దు ఇతరులు పెట్టినది. గురువు, శాస్త్రం, దేవసభ. ఊర్వశి కథలో హద్దు ఆ ఇద్దరూ తమకు తాము పెట్టుకొన్నది. మొదటి కథలో ప్రేమికులు లోకాన్ని ధిక్కరించారు. రెండవ కథలో లోకం గంధర్వుల వేషంలో దొంగలా వచ్చి వారి ఒప్పందాన్ని చెడగొట్టింది. ఇంగ్లీషు నవలలోనూ ఇదే అమరిక: మొదట గోడ, తరువాత ఇంటిలోని తలుపు. ఒక భేదం మాత్రం ఉంది. మన అచ్చరకు శాపం ఉంటుంది, శాపానికి అవధి ఉంటుంది. కథ మొదలయ్యేటప్పటికే వెళ్ళిపోవలసిన రోజు నిర్ణయమై ఉంటుంది. ఇంగ్లీషు ఫేరీకి అటువంటి గడువు లేదు. 1990లో వచ్చిన 'జగదేకవీరుడు అతిలోకసుందరి' సినిమాలో ఇంద్రుని కూతురు ఉంగరం పోగొట్టుకొని భూమి మీద చిక్కుకొంటుంది. ఉంగరం దొరికితే వెళ్ళాలి. దొరకకపోతే బాగుండునని ప్రేక్షకుని కోరిక. గడువు ఉన్న ప్రేమకు తెలుగువారు ఎంతగా అలవాటు పడ్డారో ఆ సినిమాకు లభించిన ఆదరణే చెబుతుంది.

ఈ కథలు పిల్లలు చదవవచ్చునా అన్న ప్రశ్న కూడా కొత్తది కాదు. 2024లో అమెరికాలోని యూటా రాష్ట్రం తన ప్రభుత్వ పాఠశాలలన్నిటి నుంచీ 13 పుస్తకాలను తొలగించింది. వాటిలో ఆరు మాస్ రాసినవి, మేము పైన చెప్పిన తరువాయి సంపుటం వాటిలో ఒకటి. తంజావూరు కవయిత్రి ముద్దుపళని రాధికాసాంత్వనాన్ని 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించి వావిళ్ళవారి చేత ప్రచురింపజేసినప్పుడు, మరుసటి ఏడు మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ఉన్నప్పుడు గాని ఆ నిషేధం తొలగలేదు. నాయకరాజుల కాలపు శృంగారప్రబంధాలన్నిటి మీదా ఆ నీలినీడ పడింది. క్షీణయుగమన్న పేరు పెట్టి సాహిత్యచరిత్రకారులు వాటిని మూలకు నెట్టారు. శృంగారం ఎంత పాలు ఉండాలో చెప్పే అర్హత మాకు లేదు. పదిహేనేళ్ళ పిల్లకూ ఇరవై ఏళ్ళ పిల్లకూ ఒకే పుస్తకం ఇవ్వకూడదన్న తల్లుల మాటలో న్యాయం ఉంది. మాస్ తరువాయి సంపుటానికి ఆ జాగ్రత్త తప్పక వర్తిస్తుంది, తారాశశాంకానికీ వర్తిస్తుంది. అయితే పుస్తకం పేరే చెప్పకుండా ఒక శతాబ్దం గడిపితే ఏం జరుగుతుందో మధుర తెలుగువారిని చూస్తే తెలుస్తుంది. తమ రాజ్యంలో పుట్టిన కావ్యం పేరు వారి మనుమరాళ్ళకు తెలియదు.

దీనికి నిషేధమొక్కటే కారణం కాదు. ఈ ఇళ్ళలో తెలుగు మాట ఉంది, తెలుగు లిపి లేదు. 2006లో తమిళనాడు ప్రభుత్వం తెచ్చిన చట్టం ప్రకారం బడులలో మొదటి భాషగా తమిళం తప్పనిసరి అయింది. ఏడాదికి ఒక తరగతి చొప్పున అమలు చేయటంతో 2015-16కు పదవ తరగతిదాకా వచ్చింది. అంతకుముందే తెలుగు బడులు పలచబడ్డాయి. తమిళం బాగా నేర్వటం మంచిదే, అందులో వివాదం లేదు. ఫలితం మాత్రం ఒకటి ఉంది: ఈ తెలుగువారి ఊహాలోకం అచ్చులోకి వచ్చింది తమిళంలో. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో పుట్టిన తెలుగు కమ్మవారి బిడ్డ కి. రాజనారాయణన్ (1923–2021) రాసిన 'గోపల్ల గ్రామం' 1976లో తమిళంలో వెలువడింది. దాని తరువాయి 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. మొదటి నవలలో వలసకు మూలం ఒక నిషిద్ధ వాంఛ: చెన్నాదేవి అనే అందమైన తెలుగు పిల్లపై పరాయి ప్రభువు కన్ను పడటం, ఆమెను దక్కించుకోవటానికి జనం ఊరు విడిచి దక్షిణానికి పారిపోవటం.

ఇలాంటి వలసకథే తొట్టియ నాయకుల నోట ఉన్నట్టు ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన గ్రంథంలో ఉంది. వెంట తరుముకొస్తుంటే ముందు ఏరు అడ్డం వచ్చింది, రెండు గట్ల మీది పుంగు చెట్లు తలలు వంచి వంతెన అయ్యాయి, వీరు దాటారు. అందుకే ఆ చెట్టు, అంటే మన కానుగ, వారికి పూజ్యం. దీన్ని చరిత్ర అని మేము అనం. వలస వచ్చిన జాతులు తమ కదలికకు కారణం చెప్పుకోవటానికి కట్టుకొనే కథలలో ఇది ఒక అచ్చు. ఎల్ల దాటే మనిషికి చెట్టు సాయం చేయటం మాత్రం ఏ ఫేరీ నవలలోనైనా ఒదిగే ఘట్టం. ఆ కథ చెప్పే ముసలమ్మ పక్కన కూర్చున్న పిల్ల చేతిలో ఉన్న ఇంగ్లీషు పుస్తకంలోనూ అలాంటి అడవే ఉంది. ఇద్దరికీ నడుమ లేనిది ఒక తెలుగు పుస్తకం.

ఆ పుస్తకం ఎలా ఉండాలి? శశాంకవిజయాన్ని పద్యాలతో చేతిలో పెడితే లాభం లేదు; హైదరాబాదులో పట్టా పుచ్చుకొన్నవారికే టీక లేకుండా అందదు. సముఖమువారు చూపిన దారి వచనం. తార, ఇల, ఊర్వశి అన్న మూడు భాగాలుగా, పురాణం వరసలో, ఇంటి తెలుగుకు దగ్గరగా ఉండే వచనంలో ఈ కథను తిరిగి చెప్పవచ్చు. 'ఇంటి తెలుగు' అన్నప్పుడు గుంటూరు, విజయవాడల తెలుగు మా ఉద్దేశం కాదు. కోయంబత్తూరు, మధుర తెలుగులో పాతకాలపు పలుకుబడి కొంత నిలిచి ఉంది, తమిళపు మాట విస్తారంగా చేరింది. ఆ రెండింటినీ తప్పులుగా దిద్దకుండా రాయాలి. మొదటి ముద్రణ తమిళ లిపిలో తెలుగు మాటతో వచ్చినా మాకు అభ్యంతరం లేదు. శ, గ, ద, బ వంటి అక్షరాలకు గుర్తులు పెట్టవలసి వస్తుంది; అది సాంకేతికమైన చిక్కు, తీరనిది కాదు. లిపి తరువాత వస్తుంది. మా దగ్గరకు వచ్చే ఈ ప్రాంతపు విద్యార్థులు చాలామంది చెవితో ముందు వచ్చి, కంటితో తరువాత చేరినవారే.

తార ఇల్లు చేరిన తరువాతి ఘట్టాన్ని ఎవరు రాస్తారన్నది మిగిలిన ప్రశ్న. పురాణం ఇవ్వలేదు, మధుర కవి ఇవ్వలేదు. బుధుడు తల్లిని శపించబోయినవాడు. పెద్దవాడై, ఆడదిగా మారిన రాజుతో కాపురం చేసినవాడు. ఆ కొడుకు ఒకసారి తల్లిని చూడటానికి బృహస్పతి ఇంటికి వచ్చాడనుకొందాం. తలుపు తీసేది తార. ఆ సన్నివేశానికి తెలుగులో స్థలం ఖాళీగా ఉంది. ఫేరాను ఆ ఇంటి నుంచి బయటకు నడిపించిన నవలను మూడు రాత్రులలో చదివి ముగించిన పిల్లలకు ఆ స్థలం చూపించటం మా వంటి శాఖల పని.